సాఫ్ట్‌బాల్ పిచింగ్ శిక్షణలో వివాదం: లక్ష్య–లక్షణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికా పాఠశాలల్లో సాఫ్ట్‌బాల్ ఆడే బాలికలు బంతి విసిరే పద్ధతి గురించి తల్లిదండ్రులకూ పాఠశాల కోచ్‌లకూ మధ్య తరచుగా తలెత్తే వివాదాన్ని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. శిక్షకులు పలికే ఉపదేశవాక్యాన్ని శరీరక్రియకు వర్ణనగా భావించడమే ఈ వివాదానికి మూలమని, మన శాస్త్రసంప్రదాయంలోని లక్ష్య–లక్షణ వివేచన దీన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాఫ్ట్‌బాల్, పిచింగ్, ఉపదేశభాష, లక్ష్యం, లక్షణం, బోధన.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధన పత్రికలో సాఫ్ట్‌బాల్‌కు చోటేమిటన్న ప్రశ్న సహజం. మన పాఠశాలల క్రీడాపోటీల్లో ఈ ఆట ఉన్నా, దాని లోతుపాతులు తెలిసినవారు మనలో తక్కువ. అయితే ఇక్కడ పరిశీలిస్తున్న వివాదం పైకి చేతికీ బంతికీ సంబంధించినదిగా కనిపించినా, లోపల అది మాటకు సంబంధించినది. ఒక నైపుణ్యాన్ని మాటల్లో ఎలా చెప్పాలి, చెప్పిన మాటను నేర్చుకునేవారు ఎలా గ్రహిస్తారు అన్న ప్రశ్న భాషాబోధకులమైన మనకు పరాయిది కాదు.

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో నాలుగు గోడల మధ్య ఆడే ఆటగా పుట్టింది. జార్జ్ హాన్‌కాక్ దాని మూలపురుషుడు. బేస్‌బాల్‌కు దగ్గరి చుట్టమే అయినా ఇందులో బంతిని భుజం మీదుగా కాక, కిందినుంచి విసరాలి. నేటి పోటీల్లో పిచ్చర్ చేతిని గాలిమర రెక్కలా ఒక పూర్తి చుట్టు తిప్పి, తుంటి దగ్గర బంతిని వదులుతుంది. అందుకే దీనికి విండ్‌మిల్ పిచ్ అని పేరు. హైస్కూలు స్థాయిలో పిచ్చర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం 43 అడుగులు. గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని అర సెకనులోపే దాటుతుంది. 2012లో మోనికా ఆబట్ 77 మైళ్ల వేగంతో విసిరి రికార్డు నెలకొల్పింది. జట్టు గెలుపోటములు చాలావరకు ఆ ఒక్క పిల్ల చేతిలో ఉంటాయి. ఆ చేయి ఎలా తిరగాలన్న విషయంలో పెద్దలు పట్టుదలకు పోవడానికి ఇది ఒక కారణం.

2. వివాద స్వరూపం

రెండు పద్ధతులున్నాయి. మొదటిదానికి ఆటగాళ్ల వాడుకలో 'హలో ఎల్బో' అని పేరు. చేయి తల మీదికి వచ్చినప్పుడు అరచేతిని వెనకకు, అంటే రెండో బేస్ వైపుకు తిప్పాలి. అక్కడినుంచి బంతిని కిందికి నెట్టుకుంటూ వచ్చి, తుంటి దగ్గర మణికట్టును గట్టిగా విదిలించాలి. చివరకు మోచేయి పైకి లేచి క్యాచర్‌ను పలకరిస్తున్నట్టు నిలవాలి. ఆ పలకరింపే దాని పేరులోని 'హలో'.

రెండోది 'ఇంటర్నల్ రొటేషన్', అంతర్భ్రమణం అనవచ్చు. ఇందులో అరచేయి వెనకకు తిరగదు. చేయి కిందికి దిగేటప్పుడు మోచేయి కొద్దిగా వంగి ముందు నడుస్తుంది, ముంజేయి దాని వెనక వస్తుంది. ముంజేయి తుంటిని రాసుకుంటూ పోయే క్షణంలో పైచేయి, ముంజేయి లోపలికి మెలితిరిగి కొరడా విదిలించినట్టు బంతిని వదులుతాయి. ఆ తర్వాత చేయి ఎక్కడ ఆగుతుందన్నది పట్టించుకోరు, వదులుగా పోనిస్తారు.

వివాదం ఎలా మొదలవుతుందో చూడాలి. అమెరికాలో ఈ ఆట నేర్చుకునే పిల్లకు సాధారణంగా ఇద్దరు గురువులుంటారు. తల్లిదండ్రులు రుసుము చెల్లించి వారానికోసారి పంపే పిచింగ్ శిక్షకురాలు ఒకరు, పాఠశాల జట్టు కోచ్ మరొకరు. ఆ కోచ్ చాలాచోట్ల అదే బడిలో మరో పాఠం చెప్పే ఉపాధ్యాయులే. వీరికి తోడు ఇంటి దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుని ప్రతి సాయంత్రం కూతురి బంతులు పట్టే తండ్రి ఉంటాడు. అటువంటివారిని అక్కడ 'బకెట్ డాడ్' అనే పిలుస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పాఠశాల సీజన్ మొదలయ్యాక కోచ్ "మోచేయి పైకి రానీ" అంటారు. తండ్రి ఫోనులోని స్లోమోషన్ వీడియో చూపి "పేరున్న పిచ్చర్ ఎవరూ అలా వేయడం లేదు" అంటాడు. ఎవరి మాట విన్నా పిల్ల రెండోవారికి అవిధేయురాలే.

3. లక్షణం చెప్పేది, లక్ష్యం చూపేది

తల్లిదండ్రుల వాదనకు బలమైన ఆధారముంది. అగ్రశ్రేణి పిచ్చర్ల వీడియోలను నెమ్మదిగా తిప్పి చూస్తే బంతి విడుదలయ్యే క్షణంలో అంతర్భ్రమణమే కనిపిస్తుంది. మోచేయి పైకి లేచినా అది బంతి చేయి దాటిన తర్వాతే. చేయి దాటిన బంతిని ఆ తర్వాతి భంగిమ ప్రభావితం చేయలేదు. మరింత ఆసక్తికరమైన విషయం, 'హలో ఎల్బో' బోధించే వారిలో స్వయంగా ఆడినవారు కూడా తమ ఆటలో తాము చెప్పేదాన్ని చేయకపోవడం.

ఈ వైరుధ్యం మనకు పరిచితమే. గ్రాంథికభాషే రాయాలని శాసించిన పండితుల రచనల్లోనే ఆ నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపుతూ గిడుగు రామమూర్తి 1933లో 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' వెలువరించారు. వ్యాకరణం లక్షణం, ప్రయోగం లక్ష్యం. లక్ష్యాన్ని అనుసరించి లక్షణం పుట్టాలి గాని లక్షణానికి తగినట్టు లక్ష్యాన్ని వంచరాదన్నది మన శాస్త్రకారులు ఎరిగిన సంగతే. చిన్నయసూరి బాలవ్యాకరణానికి అందని ప్రయోగాల కోసం బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం రాయవలసివచ్చింది కూడా అందుకే. ఫోను పట్టుకుని నిలబడ్డ తండ్రి ఎరిగో ఎరుగకో లక్ష్యం పక్షాన నిలబడ్డాడు.

అయితే పోలికను ఇక్కడితో ఆపాలి. గిడుగు చూపినవి నియమభంగాలు, అంటే పండితులు తమ నియమాన్ని తామే తప్పారు. కోచ్ మాట నియమం కాకపోవచ్చు. అది ఒక ఉపాయం కావచ్చు. "మోచేయి పైకి" అన్న మాటకు "బంతిని వదిలాక చేతిని బిగబట్టి ఆపకు" అన్నదే ఉద్దేశమైతే, ఆ మాట వర్ణనగా తప్పైనా ఉపదేశంగా పనిచేయవచ్చు. చలననైపుణ్యాల అధ్యయనంలో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహపరిశోధకులు 1998లో ప్రకటించిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. స్కీయింగ్‌ను పోలిన యంత్రం మీద అభ్యాసం చేసేవారిలో కొందరిని తమ పాదాల మీద, మరికొందరిని యంత్రపు చక్రాల మీద దృష్టి పెట్టమన్నారు. చక్రాలను గమనించినవారే బాగా నేర్చుకున్నారు. శరీరాన్ని యథాతథంగా వర్ణించే మాటే శరీరానికి మంచి పాఠమవుతుందన్న హామీ లేదు.

కాబట్టి అంతర్భ్రమణ పక్షంవారు కూడా ఒక పొరపాటు చేస్తున్నారు. వీడియోలో కనిపించిన ముంజేతి మెలికను వారు యథాతథంగా ఆజ్ఞగా మార్చి "మెలితిప్పు" అంటారు. పిల్ల బలవంతంగా మెలితిప్పుతుంది, బంతి గతి తప్పుతుంది. చేయి వదులుగా ఉండి, తుంటిని రాసుకుంటూ పోతే ఆ మెలిక దానంతట అదే వస్తుంది. పైగా వీడియో స్థానాన్ని చూపుతుంది గాని బలాన్ని చూపదు. ఇరవయ్యేళ్లు దాటిన క్రీడాకారిణి శరీరం పదకొండేళ్ల పిల్లకు ఎంతవరకు లక్ష్యం కాగలదన్నది కూడా ఆలోచించవలసిందే.

4. పాత పద్ధతి ఎందుకు నిలిచింది?

లక్ష్యానికి దూరమైన లక్షణం ఇన్నాళ్లు ఎలా బతికిందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆటస్థలపు కొలతల్లో ఉంది. పదేళ్లలోపు పిల్లలకు పిచింగ్ దూరం 35 అడుగులు, పన్నెండేళ్లలోపువారికి 40, ఆపైన 43. పదేళ్లలోపువారి బంతి కూడా చిన్నది, చుట్టుకొలత 12 అంగుళాలకు బదులు 11. ఆ కొద్ది దూరంలో మణికట్టు విదిలింపుతో, చేతిని తిన్నగా నెట్టుకుంటూ విసిరే పిల్ల బంతిని గురిగా వేయగలదు. ఎదుటి పిల్లలకు ఇంకా కొట్టడం రాదు. ఆటలు గెలుస్తారు. అదే వయసులో వదులైన చేతితో నేర్చుకుంటున్న పిల్ల బంతి ఒకటి క్యాచర్ తల మీదుగా, మరొకటి నేల మీదుగా పోతుంది. పదిహేనుమంది పిల్లలను రెండు గంటల్లో ఆడించి శనివారానికి జట్టును సిద్ధం చేయవలసిన కోచ్ ఎవరిని ఎంచుకుంటారో చెప్పనక్కరలేదు. ఫలితం కళ్లెదుటే ఉంది గనుక పద్ధతి సరైనదన్న నమ్మకం బలపడుతుంది. దూరం 43 అడుగులై, బ్యాటర్లు ఎదిగాక ఆ పిల్ల వేగం చాలదు. అప్పటికి ఆమె మరో కోచ్ చేతిలో ఉంటుంది. తాను నేర్పినది ఎక్కడ విఫలమైందో మొదటి కోచ్‌కు తెలిసే అవకాశమే ఉండదు. ఇది మూర్ఖత్వం కాదు, అనుభవం అరకొరగా అందడం. ప్రాథమిక పాఠశాలలో బట్టీ పట్టించి మార్కులు తెప్పించిన ఉపాధ్యాయుల స్థితి ఇంతకన్న భిన్నం కాదు.

5. ఇరుపక్షాలూ పలకని విషయం

ఈ వివాదంలో రెండు పక్షాలూ పిల్ల భుజం పేరు చెబుతాయి. తమ పద్ధతే గాయాలను నివారిస్తుందని రెండూ అంటాయి. కింది చేతి విసురు సహజమైనది గనుక దానివల్ల హాని లేదన్న నమ్మకం చాలాకాలం ఉండేది. 1998 నుంచి వచ్చిన జీవయాంత్రిక అధ్యయనాలు దాన్ని నిలవనీయలేదు. విండ్‌మిల్ పిచ్‌లో భుజకీలును బయటికి లాగే బలం క్రీడాకారిణి శరీరపు బరువుకు దగ్గరగా ఉంటుందని అవి చూపాయి. ఈ పిచ్‌లో బైసెప్స్ కండరం భుజం మీదుగా విసిరేటప్పటికన్న ఎక్కువగా పనిచేస్తుందని 2009 నాటి మరో అధ్యయనం తేల్చింది. పిచ్చర్లు భుజం ముందుభాగంలో నొప్పి అనడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

ఈ బలం ఒక్కో బంతికి. బంతుల సంఖ్య మాటేమిటి? అమెరికా హైస్కూలు బేస్‌బాల్‌లో పిచ్చర్ వేసే బంతులకు ప్రతి రాష్ట్రమూ పరిమితి విధించాలన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. సాఫ్ట్‌బాల్‌కు జాతీయస్థాయిలో అటువంటిది లేదు. వారాంతపు టోర్నమెంటులో ఒకే పిల్ల ఒకే రోజున రెండు మూడు ఆటలు వేయడం మామూలే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు ఆటలాడి 413 బంతులు వేసి దేశానికి స్వర్ణం సాధించింది. ఆ సంఖ్య జపాన్‌లో వీరగాథ. టోక్యోలో 39 ఏళ్ల వయసులో ఆమె మళ్లీ స్వర్ణం గెలిచింది కాబట్టి ఆ గాథకు మచ్చ పడలేదు. కానీ ఒక అసాధారణ శరీరం తట్టుకున్నదాన్ని పన్నెండేళ్ల పిల్లలకు కొలబద్దగా పెట్టలేం.

మోచేయి ఎక్కడ ఆగాలన్నదానిపై వాదించుకునే తండ్రీ కోచ్, ఈ ఆదివారం ఆమె ఎన్ని బంతులు వేసిందన్న లెక్క దగ్గర ఇద్దరూ మౌనం వహిస్తారు. కోచ్‌కు గెలుపు కావాలి. తండ్రికి, కూతురు బెంచీ మీద కూర్చోవడం ఇష్టముండదు. పద్ధతి గురించి తగవు పడితే ఎదుటివారిని తప్పుపట్టవచ్చు, సంఖ్య గురించి మాట్లాడితే ఇద్దరూ ఏదో ఒకటి వదులుకోవాలి. ఈ మౌనమే వివాదంలో నాకు అన్నిటికన్న బరువైనదిగా తోస్తుంది.

సీజన్ మధ్యలో పద్ధతి మార్చడమే అసలు ప్రమాదమన్న విషయంలో అనుభవజ్ఞులైన కోచ్‌లు, శిక్షకులు చాలావరకు ఏకీభవిస్తారు. ఒక పద్ధతి బడిలో, మరొకటి ఇంట్లో అభ్యసించే పిల్ల చేయి రెంటికీ మధ్యన, ఎవరూ నేర్పని మూడో దారిలో తిరుగుతుంది. దాన్ని వీడియోలో చూసిన తండ్రి కోచ్ పాఠమనుకుంటాడు, మైదానంలో చూసిన కోచ్ ఇంటి పాఠమనుకుంటారు. బంతి వదిలే క్షణంలో నీకు ఏమనిపిస్తోంది, నొప్పి ఉంటే సరిగ్గా ఎక్కడ అని అడగవలసింది ఆ పిల్లనే. "మోచేయి పైకి" అన్నప్పుడు ఆమె ఏమి గ్రహించిందో, ఏమి చేసిందో ఆమెకు మాత్రమే తెలుసు. ఆ జవాబు ఆమె తనకు తోచిన మాటల్లో చెబుతుంది. అవి ఇద్దరు గురువుల పరిభాషల్లో దేనికీ సరిపోకపోవచ్చు.