ఎండ కొలత

మే నెల 9వ తేదీ ప్రాంతమున, పగలు 12 గంటల 12 నిమిషముల వేళ, హైదరాబాదు మధురానగర్‌లో డాబాపై నిటారుగ నిలిపిన కర్రకు నీడ కానరాదు. సూర్యుడు సరిగా నడినెత్తిపై నుండుటయే ఇందుకు కారణము. ఆ ఎండలో నిలిచినపుడు సూర్యుడు మనకు మిక్కిలి చేరువగా వచ్చెనని తోచుట సహజము. కాని భూమి సూర్యునికి అతి సమీపమున నుండునది జనవరి మొదటి వారములో. అతి దూరమున నుండునది జూలైలో. చలికాలమున కిరణములు ఏటవాలుగ పడును, పగళ్లు కురుచగ నుండును. అందుచేతనే చేరువలో నున్నను వేడిమి తక్కువ.

అట్లయిన సూర్యుడు మనకు పంపు శక్తి యెంత? 1838లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పూయే, మసి పూసిన వెండి పాత్రలో నీరు పోసి, ఎండకు పెట్టి, అది యెంత వేడెక్కెనో ఉష్ణమాపకముతో చూచెను. గాలి మ్రింగిన భాగమును లెక్కగట్టి కలుపగా, నేటి ప్రమాణములలో చదరపు మీటరునకు 1228 వాట్లని తేలెను.

గాలియు, ధూళియు, మబ్బును అడ్డుపడుచుండగా స్వల్పమైన మార్పులను నేలపై నుండి పట్టుట దుస్సాధ్యము. కావున 1978 నవంబరు నుండి ఉపగ్రహములే ఈ పని చేయుచున్నవి. వానిలో లోపల నల్లరంగు పూసిన చిన్న గూడుండును. ఎండ సోకినపుడు గూటి కెంత వేడిమి కలుగునో, తలుపు మూసి అంతే వేడిమిని విద్యుత్తుచే కలిగింతురు. అందుకు పట్టిన విద్యుత్తే ఎండకు కొలత. సగటు దూరమున, కిరణములకు ఎదురుగ నిలిపిన చదరపు మీటరునకు అది సుమారు 1361 వాట్లు. నిర్మలమైన మధ్యాహ్నమున మన డాబాకు చేరునది అందులో ఇంచుమించు 1000 వాట్లు.

భూమి దూరము మారుటచే ఈ 1361 జనవరిలో సుమారు 1407కు పెరిగి, జూలైలో 1316కు తగ్గును. సూర్యునిలో కలుగు మార్పు మాత్రము అత్యల్పము. సుమారు 11 ఏండ్ల కొకమారు సూర్యబింబముపై నల్లమచ్చలు హెచ్చును. మచ్చలు వెలుగును తగ్గించును గాని, వాని పరిసరముల మెరుపు అంతకు మించి వెలుగును పెంచును. మొత్తముమీద పెరుగుదల వెయ్యింట ఒక వంతు, అనగా ఒకటి రెండు వాట్లు.

ఈ కొలతతో మనకేమి పని యందురా? 1978 నుండి భూమి వేడెక్కుచునే వచ్చినది; సూర్యశక్తి మాత్రము ఆ కాలమున పెరుగుచు రాలేదు. కావున ఈ తాపమునకు సూర్యుని నిందించుట న్యాయము కాదు. బొగ్గును, చమురును కాల్చి మనము గాలిలోనికి వదలు బొగ్గుపులుసు వాయువే ముఖ్యకారణము. డాబాపై సౌరఫలకములు అమర్చుకొన్న గృహస్థులు సైతము సూర్యుని నిశ్చింతగా నమ్మవచ్చును. వారు కనిపెట్టి యుండవలసినది మబ్బును, ఫలకములపై పేరుకొను దుమ్మును.