ఆట, పాట, హాస్యం

ఆడేవానికి ఆటలో ఎంత పాలు ఉన్నదో చూచేవానికీ అంత పాలు ఉన్నది. ఆటలను గురించి వ్రాసేవారు విజేతల పేర్లు వ్రాస్తారు గాని, ఎండలో నిలబడి కేకలు వేసి, గొంతు బొంగురుపోయి ఇల్లు చేరే ప్రేక్షకుని ఊసెత్తరు. అతడే లేకపోతే పందెం వట్టి చాకిరీ గదా!

పూర్వం నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన మేళ్లచెరువులో మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగుతుంది. విద్యుద్దీపాల ప్రభలకూ, ఎడ్ల బండలాగుడు పందాలకూ అది పేరు పొందినది. పందెపు టెడ్లను పళ్ళనుబట్టి తరగతులు చేస్తారు: పాలపళ్ళవి, రెండుపళ్ళవి, నాలుగుపళ్ళవి, ఆరుపళ్ళవి. కట్టిన బండను నియమిత కాలంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. కొత్తవాడు చూచేది దూరాన్ని మాత్రమే. సేద్యం ఎరిగినవాడు గిట్ట పట్టును చూస్తాడు, మెడ వంపును చూస్తాడు. దాపటెద్దు జంకినప్పుడు వలపటెద్దుపై పడే బరువును తన భుజం మీదనే మోస్తాడు.

ఇట్టి రైతుకు రగ్బీ ఆటను బోధపరచడం కష్టం కాదు. అందులోనూ పక్షానికి ఎనమండుగురు భుజాలు కలిపి, తలలు వంచి, ఎదుటివారిని నెట్టే ఘట్టం ఒకటి ఉన్నది. బొగ్గుగనుల దేశమైన వేల్సులో ఆ ఆట సామాన్యుల సొత్తు. 1905 డిసెంబరు 16న కార్డిఫ్ నగరంలో న్యూజిలాండు జట్టు తన రణనృత్యాన్ని ప్రదర్శించగా, వేల్సు ఆటగాళ్ళూ ప్రేక్షకులూ గొంతు కలిపి తమ జాతీయగీతంతో బదులిచ్చినారు. ఆనాడు వేల్సు 3–0తో గెలిచింది. తరువాత గనులలో పనిచేసిన మాక్స్ బాయిస్ అనే గాయకుడు అభిమానుల ప్రయాణాలనూ పాట్లనూ పాటలుగా, నవ్వులుగా మలచినాడు. 1973లో ట్రియార్కీ రగ్బీ క్లబ్బులో రికార్డు చేసిన ఆయన కచేరీ ఇంటింటా మ్రోగింది. అక్కడ ఆట, పాట, హాస్యం మూడు వేరువేరు వినోదాలు కావు. వారమంతా ఒళ్ళు వంచినవానికి ఒకే విశ్రాంతి.

తెలుగువారికి ఇది వింత కాదు. తోలుబొమ్మలాటలో రామరావణుల నడుమ కేతిగాడూ బంగారక్కా జొరబడతారు. బుర్రకథలో కథకుడు కరుణరసం కురిపిస్తుండగానే హాస్యపు వంత ఒక చమత్కారం విసురుతాడు. శ్రోత కన్నీరు తుడుచుకొంటూనే నవ్వుతాడు. ఓడినవాడు మరునాడు మళ్ళీ కాడి ఎత్తుకోవడానికి ఆ నవ్వే బలం.

అయితే మనిషి నవ్వగలడు, ఎద్దు నవ్వలేదు. ఓడినా గెలిచినా దానికి పతకంతో పని లేదు. జల్లికట్టుకూ, ఎడ్లబండ్ల పందాలకూ ఎద్దులను వినియోగించరాదని 2014 మే 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకొన్న చట్టసవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. న్యాయస్థానాలు తీర్పులు చెప్పగలవు గాని, బరి పక్కన నిలిచినవాని చప్పట్లకు హద్దు గీయలేవు. చర్నాకోల దెబ్బకు ఈల వేసే గుంపు మరొక దెబ్బను కోరుతున్నట్లే. అలసిన జతను ఆపి నీరు త్రాగించిన రైతును మెచ్చుకొనే గుంపు పందెపు నీతినే మార్చగలదు.

సంతోషంలో సంతోషించి, శోకంలో శోకించేవాడే ప్రేక్షకుడని భరతముని భావం. రంగస్థలానికి చెప్పిన ఈ లక్షణం బరికీ వర్తిస్తుంది. పాటకు తల ఊపినవాడు, హాస్యానికి పగలబడి నవ్వినవాడు, నోరులేని జీవం రొప్పును కూడ వినగలగాలి. అది విన్ననాడే అతని ఆనందానికి నిండుదనం.