పులిని పట్టే ఏఐ వేరు.. ముచ్చట చెప్పే ఏఐ వేరు

పద్మాపూర్ (చంద్రపూర్):

చంద్రపూర్ దాటి మోహర్లీ దారి పడితే పద్మాపూర్ వస్తుంది. ఓ పక్క డబ్ల్యూసీఎల్ బొగ్గు గని, మట్టి గుట్టలు.. మరో పక్క తాడోబా అడవి. బొగ్గు పనికని వచ్చి చంద్రపూర్ జిల్లాలోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పులి కథల్లో జంతువు కాదు. 2022 ఫిబ్రవరిలో చంద్రపూర్ థర్మల్ కేంద్రం కార్మికుడొకరు డ్యూటీ నుంచి ఇంటికి పోతూ పులికి బలయ్యారు. ఆ వెంటనే దగ్గర్లోని దుర్గాపూర్‌లో ఓ పిల్లాడిని చిరుత పొట్టన పెట్టుకుంది.

అందుకే కృత్రిమ మేధ (ఏఐ) అనే మాట ఇక్కడ కంప్యూటర్ చదువుకున్నోళ్లకే పరిమితం కాలేదు. అయితే ఏఐ అనగానే అన్నీ ఒకటే అనుకుంటే చిక్కు. ఏది ఏ పని చేస్తుందో, ఏది చేయలేదో తెలియడం ఈ దారిన రాత్రి షిఫ్టుకు పోయేవారికి అవసరమే.

చూసి గుర్తుపట్టేది

తాడోబా బఫర్‌లోని సీతారాంపేట్ గ్రామం అంచున 2023లో ఏఐ కెమెరాలు బిగించారు. దీనికి ‘వర్చువల్ వాల్’ అని పేరు. పేరుకే గోడ.. ఇటుక ఉండదు, కంచె ఉండదు. కెమెరా ముందుకు ఏదైనా జంతువు వస్తే అది పులా, పశువా అన్నది యంత్రమే తేల్చుకుంటుంది. పులి అయితే అటవీ సిబ్బందికి ఫోన్‌లో సమాచారం పోతుంది, ఊళ్లో సైరన్ మోగుతుంది.

పులి ఎలా ఉంటుందో దీనికి ఎవరూ వర్ణించి చెప్పలేదు. వేల ఫొటోలు చూపి, ఇది పులి, ఇది కాదు అని నేర్పారు. చిన్నపిల్లలు ఆవునూ గేదెనూ పోల్చుకోవడం నేర్చినట్టే! పులుల లెక్కలోనూ ఇదే రకం సాయపడింది. 2018 జాతీయ గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్లకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. ఏ ఫొటో ఏ జంతువుదో విడదీసే పని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకే పులిని రెండుసార్లు లెక్కించకుండా చారలను పోల్చే సాఫ్ట్‌వేర్ మరొకటి.

కానీ దీని తెలివి అంతవరకే. పులిని పట్టిన కన్ను పక్కనే పాకే పామును పట్టించుకోదు, నేర్పలేదు కాబట్టి. ఊరి అంచున పెట్టింది ఊరి అంచునే చూస్తుంది. 2025 మే 10న ఇదే జిల్లా సిందేవాహి తాలూకాలో తునికాకు కోయడానికి అడవిలోకి పోయిన ముగ్గురు మహిళలు ఒక్కరోజే పులి దాడిలో చనిపోయారు. అడవి లోపలికి పోయినవారికి ఊరి సైరన్ ఏం వినపడుతుంది?

మనవాడి పేరు

ఫొటోలు చూపి నేర్పడం జోరందుకోక ముందు మరో రకం ఉండేది. నిపుణులకు తెలిసిన సూత్రాలను ‘ఇలా ఉంటే ఇలా చెయ్’ అని ఒక్కొక్కటిగా యంత్రానికి ఎక్కించేవారు. ఆ దారిలో పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నది తెలుగువాడే.. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. నోటి మాటను యంత్రానికి అర్థం చేయించడమే ఆయన పట్టుకున్న పని. ఇవాళ ఫోన్‌తో తెలుగులో మాట్లాడుతున్నామంటే అందులో ఆ తరం కష్టం ఉంది.

నోరున్న రకం

2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీతో జనం నోళ్లలో నానింది ఈ రకమే. కోట్లాది వాక్యాలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టి జవాబు అల్లుతుంది. ఉత్తరం రాయిస్తే రాస్తుంది, మరాఠీ నోటీసును తెలుగులో చెప్పమంటే చెబుతుంది. పిల్లల చదువుకూ అక్కరకొస్తుంది. కాకపోతే తెలియనిదాన్ని కూడా అంతే ధీమాగా చెప్పేయగలదు. పద్మాపూర్ దారిలో ఈ రాత్రి పులి ఉందా అని అడిగి చూడండి. జవాబు చక్కగానే రావచ్చు. కానీ ఆ దారిని చూసే కన్ను దానికి లేదు! సీతారాంపేట్ కెమెరాకేమో నోరు లేదు, కన్నుంది. రెండింటినీ ఏఐ అనే అంటున్నాం మరి.

ఇక మనిషిలా ఏ పనైనా నేర్చుకుని చేసేది.. సాధారణ కృత్రిమ మేధ. సినిమాల్లో చూసేది ఇదే. దీనికోసం పెద్ద కంపెనీలు పోటీపడుతున్నా, ఇదిగో వచ్చేసిందని నిపుణులంతా ఒప్పుకున్నది ఇంతవరకు లేదు. మనిషిని మించిపోయే ‘సూపర్’ రకం అయితే ఇంకా చర్చల్లోనే ఉంది.

దారిలో పులి కనిపిస్తే ముందు చెప్పాల్సింది అటవీ సిబ్బందికి. మహారాష్ట్ర అటవీ శాఖ ‘హలో ఫారెస్ట్’ టోల్‌ఫ్రీ నంబరు 1926.