అభ్యసన వైకల్యం గల విద్యార్థులు – సమాజ విరాళాల స్వరూపం, వినియోగం

వ్యాససంగ్రహం:
చదవడం, రాయడం, లెక్కించడం వంటి నైపుణ్యాలలో నిర్దిష్ట వైకల్యం గల బాలలకు ప్రధానంగా కావలసింది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, అతడు వారికి కేటాయించే సమయం. పాఠశాలలకు విరాళాలు సాధారణంగా కంటికి కనిపించే వస్తురూపంలో అందుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరాన్ని, దానిని తగ్గించే మార్గాలను చట్టనిబంధనల, దానశాసనాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అభ్యసన వైకల్యం, విరాళం, అక్షయనీవి, పాఠశాల యాజమాన్య సంఘం, ప్రత్యేక ఉపాధ్యాయుడు.

1. ఉపోద్ఘాతం:
అభ్యసన వైకల్యం మేధోవైకల్యం కాదు. వయసుకు తగిన తెలివితేటలు ఉండి కూడా చదువులోనో, రాతలోనో, గణితంలోనో బాలలు తీవ్రంగా వెనుకబడే స్థితి ఇది. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా దీనిలోని భేదాలు. 1995 నాటి వికలాంగుల చట్టం దీనిని గుర్తించలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఇది చోటు పొందింది. ఇటువంటి బాలలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా చర్యలు తీసుకోవాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ నిర్దేశిస్తుంది.

2. అవసర స్వరూపం:
తెలుగు లిపిని నేర్చుకునే బాలలు అచ్చులు, హల్లులతోపాటు గుణింతాలను, వత్తులను గుర్తించగలగాలి. 'ద, ధ, థ', 'వ, మ', 'న, స' వంటి అక్షరాల మధ్య భేదం ఒక చిన్న గీతలోనో, చుక్కలోనో ఉంటుంది. ఐత్వం వంటి గుర్తు హల్లుకు పైనా కిందా రెండు భాగాలుగా చేరుతుంది. తోటివారు కొన్ని నెలల్లో దాటే ఈ మెట్టు వద్ద డిస్లెక్సియా గల విద్యార్థి ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు. అతనికి నోటుపుస్తకాలు ఎన్ని ఇచ్చినా సమస్య తీరదు. ధ్వనికీ అక్షరానికీ గల సంబంధాన్ని క్రమపద్ధతిలో, పదేపదే, విడిగా కూర్చోబెట్టి నేర్పే బోధన అవసరం.

ధ్రువీకరణ మరొక చిక్కు. 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. ఆ గీతకు కొద్దిగా దిగువన ఉన్న విద్యార్థికి ఇబ్బంది ఉంటుంది, ధ్రువపత్రం ఉండదు. విరాళం నిజంగా ఆదుకోగలిగినది ఇటువంటివారినే. దాత ధ్రువపత్రం కోసం వేచి ఉండవలసిన అవసరం లేదు.

3. విరాళాల మార్గాలు, పరిమితులు:
2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి సంస్థలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ చట్టంలోని 7వ షెడ్యూలు ప్రత్యేక విద్యను కూడా ఇందులో చేర్చింది. పూర్వవిద్యార్థులు, గ్రామస్థులు, ప్రవాసులు ఇచ్చే విరాళాలు వీటికి తోడవుతాయి.

అయితే దాతకు ఫలితం కనిపించాలి. తరగతి గది కట్టిస్తే శిలాఫలకం ఉంటుంది, బల్లలు ఇస్తే వాటిపై పేరు ఉంటుంది. ఒక విద్యార్థి తడబడకుండా ఒక పేరా చదవగలగడానికి శిలాఫలకం ఉండదు. పైగా గది ఒక్కసారి ఖర్చు, ఉపాధ్యాయుని వేతనం ప్రతినెలా ఖర్చు. అందువల్ల విరాళం అధికంగా అందినచోట కూడా ఈ బాలల అవసరం తీరకపోయే అవకాశం ఉంది.

విరాళమనే మాటకు మరో అర్థాన్ని కూడా గమనించాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రవేశ సమయంలో పాఠశాల వసూలు చేసే విరాళాన్ని క్యాపిటేషన్ రుసుముగా పరిగణించి నిషేధించింది. స్వచ్ఛందంగా వచ్చే నిధులకు మాత్రం ఆ చట్టమే ఒక పర్యవేక్షణ వ్యవస్థను చూపింది. ప్రభుత్వం నుండి గాని, స్థానిక సంస్థ నుండి గాని, మరే ఇతర వనరు నుండి గాని వచ్చిన నిధుల వినియోగాన్ని పాఠశాల యాజమాన్య సంఘం పరిశీలించాలని 21వ సెక్షన్ చెబుతుంది. ఆ సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే.

4. దానశాసనాలు చూపే దారి:
నిరంతర వ్యయానికి నిరంతర ఆదాయాన్ని ఏర్పరచడం దక్కనుకు కొత్త కాదు. నాసిక్ గుహలోని ఉషవదాతుని శాసనం 3,000 కార్షాపణాల అక్షయనీవిని పేర్కొంటుంది. అందులో 2,000 ఒక నేతశ్రేణి వద్ద నెలకు 1 శాతం వడ్డీకి, 1,000 మరొక శ్రేణి వద్ద ముప్పాతిక శాతం వడ్డీకి ఉంచారు. అసలు ముట్టకుండా వడ్డీతోనే భిక్షువుల అవసరాలు తీరాలన్నది నియమం. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపురం శాసనం అధ్యాపకుల, వైద్యుని జీవనానికి కూడా ఏర్పాటు చేసింది. ఈ దానాల దృష్టి కట్టడం వద్ద ఆగక, అందులో పనిచేసే మనిషి వరకు సాగింది.

5. వినియోగానికి అనువైన రూపాలు:
ఒక్కో పాఠశాలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుని భరించడం దాతలకు కష్టం. సమీప పాఠశాలలు కొన్ని కలిసి ఒకరి వేతనానికి మూలనిధిని ఏర్పరచుకోవచ్చు. ఉన్న ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించడం రెండవ రూపం. 1991లో చెన్నైలో ఏర్పడిన మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ వంటి స్వచ్ఛంద సంస్థల కృషి ఈ దిశలో పరిశీలించదగినది. పేద కుటుంబాలకు పరీక్షల ఖర్చు, ప్రయాణపు ఖర్చు భరించడం మూడవది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సహాయం పొందే బాలల పేర్లను, ఛాయాచిత్రాలను దాతల సభలలో ప్రదర్శించకూడదు. 'మొద్దు' అన్న ముద్రను తొలగించవలసిన సహాయం కొత్త ముద్ర వేయరాదు. రెండవది, విరాళం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కారాదు. ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, పైస్థాయిలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో నిర్దేశించింది. ఆ నియామకాలు జరగవలసింది ప్రభుత్వ నిధులతోనే.

6. ముగింపు:
అభ్యసన వైకల్యం గల విద్యార్థి విషయంలో విరాళం విలువను దాని మొత్తం కన్నా దాని కొనసాగింపు నిర్ణయిస్తుంది. ఏడాది నడిచి ఆగిన ప్రత్యేక తరగతి బాలలకు మరొక వైఫల్యంగా మిగులుతుంది. వేతనానికి మూలనిధి, తల్లిదండ్రుల పర్యవేక్షణ, గోప్యత అనే మూడింటినీ కలిపి ఏర్పాటు చేసినప్పుడే దాత ఇచ్చిన ధనం విద్యార్థి చదువుగా మారుతుంది.