తొక్కినా లేవని బండి

అమ్మలూ, మీ బాబాయి కారు ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఎంత తొక్కినా పాకిందే తప్ప లేవలేదన్నాడు చూడూ, పాత మారుతి 800లో అయితే అలాంటి రోగం పట్టుకోవడానికి రెండు కళ్లు చాలు. పెడల్ నుంచి కార్బురేటర్ దాకా ఓ కేబులు ఉండేది. అది తెగిందా, తుప్పు పట్టి బిగుసుకుందా అని బానెట్ ఎత్తి చూస్తే తెలిసిపోయేది.

ఇప్పటి పెడల్ దేన్నీ లాగదు. "ఇంత తొక్కారు" అని కంప్యూటరుకి, అంటే ఇ.సి.యు.కి, వోల్టేజీ రూపంలో కబురు పంపుతుంది, అంతే. ఇంజన్లోకి ఎంత గాలి వదలాలో ఇ.సి.యు. లెక్కేసుకుంటుంది. ఆ గాలి వెళ్లే గొట్టం, అంటే త్రాటిల్ బాడీ, పక్కనున్న బుల్లి డి.సి. మోటారు పళ్లచక్రాల సాయంతో లోపలి రేకుని తిప్పుతుంది. 1987లో బి.ఎం.డబ్ల్యు. వాళ్లు పన్నెండు సిలిండర్ల 750లో ఇది పెట్టినప్పుడు గొప్పోళ్ల సోకు. ఇవాళ మన వీధిలో తిరిగే చిన్న పెట్రోలు కార్లకీ ఇదే.

మరి ఆ కబురు తప్పైతే? ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం కాబట్టి ఒక్క సెన్సారుని నమ్మరు. పెడల్లో రెండు, త్రాటిల్లో రెండు ఉంటాయి. పెడల్లో ఉన్నవి చాలా కార్లలో సగానికి సగం లెక్కలో మాట్లాడతాయి. ఒకటి 0.8 వోల్టు చూపితే రెండోది 0.4, ఒకటి 3.6 అయితే రెండోది 1.8. త్రాటిల్ దగ్గర చాలావాటిలో ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, రెండూ కూడితే ఎప్పుడూ దాదాపు 5 వోల్టులు.

రెండూ ఒకటే అంకె చెబితే పోయేదిగా అంటావేమో. కోర్టులో ఇద్దరు సాక్షులు అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబితే ప్లీడరుకి అనుమానం రాదూ? ఇక్కడా అంతే. రెండు వైర్లు ఒరుసుకుని అంటుకుపోయాయంటే రెండు సిగ్నళ్లూ ఒకటైపోతాయి. ఇద్దరి లెక్కా ముందే వేరుగా పెడితే ఆ దొంగతనం వెంటనే దొరుకుతుంది. ఇది ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడికి దండం పెట్టాలి.

లెక్క కుదరకపోతే ఇ.సి.యు. చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. తేడా త్రాటిల్ దగ్గరుంటే మోటారుకి కరెంటు ఆపేస్తుంది. అప్పుడు రేకు పూర్తిగా మూసుకోదు, స్ప్రింగు దాన్ని కొంచెం తెరిచి నిలబెడుతుంది. ఇంజను ఆగదు, బండి పాక్కుంటూ పక్కకి చేరుతుంది. తేడా పెడల్ దగ్గరైతే ఎంత తొక్కినా కాస్తే ఇస్తుంది. బాబాయికి జరిగింది ఇదే.

ఇక్కడే మన గ్యారేజీలతో నాకు పేచీ. స్కానరు పి2138 అనే కోడ్ చూపితే పెడల్ మార్చేస్తారు, పి2135 అంటే త్రాటిల్ బాడీ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది "రెండు సిగ్నళ్లకీ పొత్తు కుదరడం లేదు" అని మాత్రమే. తప్పు సెన్సారుదా, వైరుదా, ఎర్త్‌దా అన్నది మనం వెతుక్కోవాలి.

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా, స్కానర్లో లైవ్ డేటా పెట్టి పెడల్‌ని నెమ్మదిగా, నిజంగా నెమ్మదిగా, తొక్కాలి. ఒక సిగ్నలు సాఫీగా పెరుగుతూ మధ్యలో ఒకచోట గబుక్కున పడిపోయి మళ్లీ లేచిందంటే, పాతరకం సెన్సారైతే లోపలి కార్బన్ పట్టీ అక్కడ అరిగింది. కొత్తవాటిలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్లు, వాటిలో రాసుకునేదేం లేదు, అరుగుడు తక్కువ. రెండు సిగ్నళ్లూ ఒకేసారి గందరగోళమైతే రెండు సెన్సార్లూ ఒక్కసారే చెడవుగా! మల్టీమీటరు తీసి 5 వోల్టుల సప్లై చూడాలి. తర్వాత ఎర్త్. కనెక్టరు పీకకుండానే సెన్సారు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే మీటరు దాదాపు సున్నా దగ్గరుండాలి.

అప్పటికీ దొరక్కపోతే డేటా చూస్తూ వైరింగుని కదపాలి. బాబాయి కారులో దొరికింది అలాగే. ఎలక కొరికిన వైరు, పైన తొడుగు పోయి రెండు మూడు రాగి పోగులు మిగిలాయి. ముట్టుకోకపోతే బాగానే ఉంది, కదిపితే అంకె పడిపోతోంది. అప్పటికే పాపం కొత్త పెడల్ కొనేశాడు.

ఎలక్ట్రానిక్స్‌ని అనుమానించడం మన దగ్గరే కాదు, అమెరికాలో 2009, 2010ల్లో టొయోటా కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవైంది. లక్షల బళ్లు వెనక్కి పిలిపించారు. అక్కడి రహదారి భద్రతా సంస్థ అడిగితే నాసా ఇంజనీర్లు కూడా పరీక్షించారు. ఒక పెడల్లో రెండు సిగ్నళ్లకీ మధ్య వెంట్రుక కన్నా సన్నగా తగరపు మీసం మొలిచి వంతెన వేసిందని కనుక్కున్నారు. కానీ బళ్లు దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్స్ లోపం కారణమని తమకు కనపడలేదని 2011 ఫిబ్రవరిలో చెప్పారు. బయటపడిన ముద్దాయిలు జారి పెడల్‌కి అడ్డంపడిన ఫ్లోర్ మ్యాటు, బిగుసుకున్న పెడల్. మన వాళ్లు మ్యాటు మీద మ్యాటు వేస్తారు కదా, ముందు అది తీసి చూడమను.

ఇంకోటి, అన్నీ సెన్సార్లకే అంటగట్టకు. ఇంజను ఆవిర్లు చేరి రేకు అంచున నల్లటి జిడ్డు పేరుకుంటుంది, ఐడ్లింగ్ తడబడుతుంది. క్లీనరు గుడ్డ మీద కొట్టి తుడిస్తే సరి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా మాత్రం వేలు పెట్టొద్దు, మోటారు రేకుని టక్కున మూసేస్తుంది. తుడిచాక చాలా కార్లలో ఇ.సి.యు. రేకు స్థానాన్ని మళ్లీ నేర్చుకోవాలి. పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోటి, మాన్యువల్లో రాసుంటుంది. అది అయ్యేదాకా ఐడ్లింగ్ కాస్త ఎక్కువగా ఉంటే కంగారుపడి మళ్లీ గ్యారేజీకి పరిగెత్తొద్దని మీ బాబాయికి చెప్పు.