తెర నల్లబడితే కంప్యూటర్ పాడైపోయినట్టేనా?

పిల్లలూ! ఈ పాఠాన్ని మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో మొదలు పెడతాను.

ఈ దేశానికి వచ్చాక మేము మొదటిసారి ఇల్లు మారాం. మా పెద్ద కంప్యూటర్‌ని కారులో నిలబెట్టి తెచ్చాం. దారంతా కుదుపులే. కొత్త ఇంట్లో బటన్ నొక్కితే లోపల ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్" అని కనిపించి, తెర నల్లబడిపోయింది.

"అమ్మా! తాతయ్య కథలు పోయినట్టేనా?" అని మా అబ్బాయి ఏడుపు మొహం పెట్టాడు. మా నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన మనవడి కోసం చెప్పిన కథలన్నీ రికార్డు చేసి ఆ కంప్యూటర్‌లోనే దాచుకున్నాం. ఇంకెక్కడా కాపీ లేదు. నాకూ గుండె గుభేలుమంది.

హాజరు పిలిచే కంప్యూటర్

బడిలో టీచర్ పాఠం మొదలు పెట్టే ముందు హాజరు పిలుస్తారు కదా! కంప్యూటర్ కూడా అంతే. బటన్ నొక్కగానే విండోస్ రాదు. ముందు మదర్‌బోర్డు మీద ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. "ప్రాసెసర్, ఉన్నావా? మెమరీ, ఉన్నావా? గ్రాఫిక్స్ కార్డ్, ఉన్నావా?" అని అడిగినట్టుగా ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తుంది. ఈ పరీక్ష పేరు పోస్ట్. అది అయ్యాకే విండోస్ మొదలవుతుంది.

ఎవరైనా పలకకపోతే? కొన్ని కంప్యూటర్లు బీప్ శబ్దాలతో చెబుతాయి. 1981లో ఐబీఎం తెచ్చిన పీసీలో ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వినిపిస్తే, తెరకు బొమ్మ పంపే కార్డుతో ఇబ్బంది అని అర్థం. ఇప్పటి మదర్‌బోర్డుల్లో చాలావాటికి చిన్న లైట్లు ఉంటాయి. వీజీఏ అని రాసిన లైటు ఆరకుండా వెలుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. డీర్యామ్ అన్న లైటు వెలుగుతుంటే మెమరీ వైపు చూడాలి. ఈ గుర్తులు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు. మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

ఎవరి పని వాళ్ళది

గ్రాఫిక్స్ కార్డు బొమ్మను తయారు చేస్తుంది. కేబుల్ దాన్ని మోసుకెళుతుంది. మానిటర్ మనకు చూపిస్తుంది. మరి ఫైళ్ళు దాచేదెవరు? హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ. అది వేరే భాగం. అంటే తెర నల్లబడినంత మాత్రాన ఫైళ్ళు పోయినట్టు కాదు. వాళ్ళ నాన్న ఈ మాట చెప్పాకే మా వాడి ఏడుపు ఆగింది.

బయటి నుంచి లోపలికి

1. మానిటర్ లైటు వెలుగుతోందా? వెలగకపోతే ముందు దాని పవర్ కేబుల్ చూడాలి. "నో సిగ్నల్" అని వచ్చిందంటే మానిటర్‌కి కరెంటు అందుతోంది, బొమ్మే అందడం లేదు.

2. మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ చూడాలి. కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉంటే, మానిటర్ డిస్‌ప్లే పోర్ట్ దగ్గర ఎదురు చూస్తూ ఉండవచ్చు!

3. కేబుల్ రెండు చివర్లూ గట్టిగా ఉన్నాయా? కంప్యూటర్ వెనక మానిటర్ కేబుల్ పెట్టే చోట్లు రెండు ఉండవచ్చు. మౌస్, కీబోర్డు పెట్టే చోట ఉన్నది మదర్‌బోర్డుది. దాని కింద విడిగా ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉన్నప్పుడు కేబుల్ కార్డుకే పెట్టాలి.

4. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పెట్టె తెరవాలి. ఈ పని పెద్దవాళ్ళతో కలిసే చేయాలి. ముందు కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసేయాలి. తర్వాత పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కార్డు ముట్టుకునే ముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకాలి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు కార్డును పాడు చేయవచ్చు. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు.

మా వాడు చేసిన పొరపాటు

మేము పెట్టె తెరిచి చూస్తే కార్డు ఒక పక్కకి వాలి, స్లాట్‌లోంచి కొంచెం పైకి లేచి ఉంది. కుదుపుల పని! వాళ్ళ నాన్న దాన్ని తిన్నగా నొక్కారు. "టక్" అని క్లిప్ పడింది. కార్డుకు విడిగా వచ్చే పవర్ కేబుల్ కూడా సరిచూశారు. బటన్ నొక్కాం. మళ్ళీ "నో సిగ్నల్"!

"ఇక కార్డు పోయినట్టే" అనుకున్నాం. అప్పుడు మా వాడు మెల్లగా అన్నాడు: "నాన్నా, ఇందాక నేను కేబుల్ తీసి పైన పెట్టాను. ఇన్‌పుట్ కూడా మార్చాను." కంగారులో రెండూ ఒకేసారి మార్చి, ఎవరికీ చెప్పలేదు. అసలు తప్పు సరిదిద్దేసరికి కొత్త తప్పు అడ్డం వచ్చిందన్నమాట. కేబుల్ కార్డుకు పెట్టి, ఇన్‌పుట్ సరి చేయగానే తెర వెలిగింది.

అందుకే ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది కాగితం మీద రాయండి. బటన్ నొక్కి చూడండి. ఫలితం లేకపోతే మొదట ఉన్నట్టే పెట్టి, తర్వాతది చూడండి. నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రాత్రి మేము చేసిన మొదటి పని, తాతయ్య కథలన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయడం. రెండో పని, అందరం కూర్చుని ఒక కథ వినడం.

కొత్త మాటలు
హాజరు – బడికి వచ్చి ఉండటం
కుదుపు – బండి ఎగిరెగిరి పడటం
గుండె గుభేలుమనడం – ఒక్కసారిగా భయం వేయడం
నిదానం – తొందర లేకపోవడం

జవాబులు చెప్పండి
1. తెర నల్లబడినా తాతయ్య కథలు ఎందుకు పోలేదు?
2. కార్డు సరిగ్గా కూర్చున్నాక కూడా బొమ్మ ఎందుకు రాలేదు?
3. మీ ఇంట్లో ఒక్క చోటే ఉన్న ఫోటోలు, రికార్డులు ఏమిటి? అమ్మానాన్నల్ని అడిగి నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత వాళ్ళతో కలిసి ఒక కాపీ చేయండి.