గోదావరి గట్టున ఫ్రెంచి నేల

కాకినాడకు దక్షిణాన, గౌతమి నుండి కోరంగి పాయ చీలే చోట ఉన్నది యానాం. ముప్పై చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఆంధ్రదేశపు పొలాలు, కొబ్బరితోటలు. ఇంటి భాష తెలుగు. ఏలుబడి మాత్రం, 1723లో ఫ్రెంచివారు అడుగుపెట్టింది మొదలు 1954 దాకా, నడుమ కొన్ని విరామాలు, ఆంగ్లేయుల ఆక్రమణలు మినహా, వారిదే.

పొలిమేర దాటితే చట్టం మారిపోయేది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో బ్రిటిషు ఇండియాలో అమలుకు రాగానే, పొరుగు జిల్లాలవారు తమ పసివాళ్ల పెళ్లిళ్లకు యానాం దారి పట్టారు. ఊరికి 'కల్యాణపురం' అన్న పేరు అలా వచ్చింది. పేరు అందమైనదే! మంగళసూత్రమంటే ఏమిటో తెలియని పసిపిల్లల మెడలను తలచుకుంటే మాత్రం ఆ అందం నిలవదు. స్థానికుల ఆచారాల జోలికి పోబోమని ఫ్రెంచివారు ఏనాడో ఇచ్చిన మాట, సమానత్వం నినాదంగా గల వారి రాజ్యంలోనే ఈ పెళ్లిళ్లకు నీడయింది.

1954 జూన్ 13న యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన విమోచనకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. నేటికీ యానాం పుదుచ్చేరిలో భాగమే. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఆంధ్ర పొలంగట్టుకు ఆవల.